కరువు సీమలో వరద: కర్నూలు మునిగిన కథకు వెనక ఏముంది?

2009 సెప్టెంబరు చివరిదాకా కర్నూలులో అందరి నోటా ఒకటే మాట: వాన లేదు. ఆ ఏడు నైరుతి రుతుపవనాలు దేశమంతటా మొహం చాటేశాయి. వానలు సగటు కన్నా 22 శాతం తక్కువ పడ్డాయి. 1972 తర్వాత అంత లోటు అదే. ఆఫీసుల్లో ఏ టేబుల్ మీద చూసినా కరువు మండలాల లెక్కలే. అలాంటి ఏడాదిలో నెలాఖరున అల్పపీడనం పట్టుకుంది. జిల్లాలోనూ ఎగువన కర్ణాటకలోనూ కుంభవృష్టి కురిసింది. అక్టోబరు 1 రాత్రి హంద్రీ ఊళ్లోకి వచ్చింది. మర్నాడు, గాంధీ జయంతి రోజు, తుంగభద్ర వచ్చింది.

మా చిన్నాయన వాళ్లిల్లు పాతబస్తీలో, హంద్రీకి రెండు సందుల అవతల. నీళ్లు వాకిట్లోంచి వస్తాయని వాళ్లు గడపకు అడ్డంగా బియ్యం మూటలు పేర్చుకున్నారు. కానీ నీళ్లు ముందు బచ్చలి తూములోంచి, అంటే స్నానాలగది నీళ్లు పోయే గొట్టంలోంచి, వచ్చాయి. తూము గుడగుడమని శబ్దం చేసి నల్లటి నీళ్లు పైకి కక్కుతుంటే మా చిన్నమ్మ గోనెసంచి కుక్కింది. అది కాసేపట్లోనే తేలిపోయింది. నది మట్టం మురుగుకాలువ నోటి కన్నా పైకి లేస్తే కాలువ వెనక్కి పారుతుంది. ఇంటికి ఎంత గట్టి గోడ కట్టుకున్నా ఆ దారి మూతపడదు. ఈ చిన్న సంగతి ఆ రాత్రి దాకా మా వీధిలో ఎవరికీ తెలియదు. చెప్పాల్సిన బాధ్యత ఎవరిదో కూడా తెలియదు.

రెండు రోజులు మేడ మీదే గడిపారు. కిందికి దిగాక మొదట వెతికింది ఇనుప ట్రంకుపెట్టెను. రేషన్ కార్డు, టెన్త్ మార్కుల మెమో, పట్టాదారు పాస్‌పుస్తకం అన్నీ ఒకే ముద్ద. ఒక్కో కాగితాన్నీ విడదీసి బట్టల తీగ మీద క్లిప్పులతో ఆరేశారు. ఆ వారమంతా ఊరు ఊరంతా కుళ్లిన బియ్యం వాసన. ఆ రోజులు చూసినవాళ్లెవరూ ఆ వాసన మర్చిపోలేదు.

నీళ్లు ఎందుకంతగా నిలిచాయన్నది అప్పటినుంచీ ఊళ్లో నలుగుతున్న ప్రశ్న. కర్నూలుకు ఎగువన తుంగభద్ర మీద సుంకేసుల బ్యారేజీ, దిగువన కృష్ణ మీద శ్రీశైలం డ్యాం. మద్దికెర దగ్గర పుట్టిన హంద్రీ ఊరి మధ్యగా వచ్చి తుంగభద్రలో కలుస్తుంది. శ్రీశైలాన్ని సుమారు 19 లక్షల క్యూసెక్కుల వరదను తట్టుకునేలా కట్టారు. ఆ అక్టోబరులో దానికి 25 లక్షలు వచ్చాయి. నీటిమట్టం 885 అడుగుల దగ్గర ఆగాల్సింది 896 దాటింది, ఆ నీళ్లు వెనక్కి ఊరివైపు ఎగదన్నాయి. జలాశయాన్ని ముందే కొంత ఖాళీ చేసి ఉంటే ఇంత జరిగేది కాదని కొందరంటారు. అలాంటి వరదను ఎవరు ఊహిస్తారని మరికొందరంటారు. నా మట్టుకు నాకు రెండో మాట మింగుడుపడదు. ఊహించడం కోసమే కదా ప్రణాళిక అనేది.

ఈ ఊరికి నదితో పరిచయం కొత్తదేం కాదు. అలంపురం గుడులకు రాళ్లు మోసే బండ్లు ఇక్కడ ఆగి, చక్రాలకు కందెన పూసుకుని తుంగభద్ర దాటేవని, అందుకే కందెనవోలు అన్న పేరొచ్చిందని పెద్దలు చెబుతారు. కథైనా కావచ్చు. కానీ నదిని చూసి ఆగి, తయారై, అప్పుడు దాటే అలవాటు ఆ కథలో ఉంది. తర్వాత కోట కట్టినవాళ్లకు రెండు ఏర్ల మధ్య ఉన్న ఈ మూల నచ్చింది. శత్రువు నేరుగా రాలేడు. కొండారెడ్డి బురుజు చుట్టూ ఊరు పెరిగింది. శత్రువుల కాలం పోయింది, ఊరు మాత్రం ఆ మూలనే ఉండిపోయింది. 1953లో ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయ్యింది. 2011 జనాభా లెక్కల నాటికి నాలుగు లక్షలు దాటింది. జనం పెరిగేకొద్దీ ఇళ్లు హంద్రీ గట్టు దిగి ఇసుకలోకి నడిచాయి. ఏడాదిలో పది నెలలు ఎండిపోయి ఉండే ఏరును చూసి, ఇది ఏరని ఎవరికి గుర్తుంటుంది?

మన దగ్గర విపత్తు అంటే కరువే. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అన్నం పెట్టాడని ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆ తర్వాత పదేళ్లకే ధాత కరువు వచ్చింది. అందులో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. ఆ చావులు చూశాకే ఇంగ్లీషు ప్రభుత్వం 1880 నాటి కరువు కమిషన్ సిఫార్సులతో కరువు నిబంధనలు రాయించింది: ఎప్పుడు కరువు ప్రకటించాలి, పనులు ఎక్కడ పెట్టాలి, కూలి ఎంత, గంజి ఎవరికి అని. ధర్మం మీద ఆధారపడిన సాయం పద్ధతిగా మారడం అక్కడ మొదలైంది. ఆ నిబంధనల్లో లోపాలు ఎన్నున్నా, కరువొస్తే ఏం చేయాలో తాసిల్దారుకు తెలిసేది. వరదొస్తే పట్టణంలో ఏ వీధిని ముందు ఖాళీ చేయించాలో చెప్పే కాగితం మాత్రం సీమలో చాలాకాలం ఎవరూ రాయలేదు.

అంతకు ముందు మనవాళ్లకు ఆ చూపు లేదనుకుంటే పొరపాటు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు గట్టు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు తవ్వించాడు. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలతో పాటు ఉండకూడని ఆరు దోషాలు కూడా అందులో చెక్కారు. గట్టులోంచి నీరు ఊరడం ఒక దోషం. నీళ్లు ఎక్కువై నేల చాలకపోవడం మరో దోషం. వానకోసం మొగం వాచిన నేల మీద, నీళ్లు ఎక్కువైతే ఏమిటని ఆరువందల ఏళ్ల కిందటే ఎవరో ఆలోచించారు.

ఇప్పటి చట్టం 2005లో వచ్చింది. గుజరాత్ భూకంపం, సునామీ తర్వాత చేసిన విపత్తు నిర్వహణ చట్టం అది. దాని ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళిక ఉండాలి, ఏటా దాన్ని సరిచూసుకోవాలి. అదే ఏడు జులై 26న ముంబైలో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. పల్లె వరద వేరు, పట్నం వరద వేరు అని ఢిల్లీకి అప్పుడు అర్థమైంది. కర్నూలు మునిగిన మూడు వారాలకు, 2009 అక్టోబరు 22న, కేంద్ర మంత్రివర్గం జాతీయ విపత్తు విధానాన్ని ఆమోదించింది. ఏడాది తిరక్కుండా పట్టణ వరదల మీద ప్రత్యేక మార్గదర్శకాలు వచ్చాయి. వాననీటి కాలువల పటాలు తయారుచేయాలని, వానాకాలం రాకముందే పూడిక తీయాలని, వాగుల్లో కట్టడాలు రానివ్వకూడదని అందులో ఉంది. అవన్నీ మా వీధి కోసమే రాసినట్టుంటాయి.

కాగితం వచ్చాక ఏమైంది? కడపను చూడండి. బుగ్గవంక 2001 అక్టోబరులోనే ఆ పట్నాన్ని ముంచింది. తర్వాత రక్షణ గోడలు మొదలయ్యాయి. 2020 నవంబరులో నివర్ తుపాను వానలకు అదే వంక మళ్లీ కాలనీల్లోకి వచ్చింది. మరుసటి ఏడాది అదే నెలలో, 19వ తేదీ తెల్లవారుజామున, చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పులపత్తూరు లాంటి ఊళ్లు జనం నిద్రలో ఉండగానే కొట్టుకుపోయాయి. అనంతపురం సంగతి మరీ విచిత్రం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా చూడని ఊరు 2022 అక్టోబరులో నడిమివంక పొంగి మునిగింది. అక్కడివాళ్లు పడవల్లో బయటికొచ్చారు.

హంద్రీ, బుగ్గవంక, నడిమివంక. మూడు ఊళ్లలోనూ ముంచింది నిత్యం నీళ్లుండే పెద్దనది ఒక్కటే కాదు, ఎండిపోయి కనబడే చిన్న ఏరు కూడా. పెద్దనదికి నీటిమట్టం కొలిచే గేజీ ఉంటుంది, రోజూ పేపర్లో అంకె వస్తుంది. వంకకు అవేవీ లేవు. దాని హద్దు ఎక్కడో రెవెన్యూ పటంలో ఉంటుంది, నేల మీద రాయి ఉండదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం నీటి వనరుల ఆక్రమణను నిషేధించింది. కానీ హద్దు కనబడనప్పుడు ఆక్రమణ అని ఎవరు ఎవరికి చెబుతారు? వంక పక్కన సెంటున్నర కొనుక్కున్న పేదవాడు తప్పు చేశాడని నేననను. అతనికి ఆ జాగా ఎవరో ప్లాటని చెప్పి అమ్మారు, ఎవరో కరెంటు మీటరు పెట్టారు, ఎవరో ఇంటిపన్ను రసీదు ఇచ్చారు. వరద రాత్రి నెత్తిన పిల్లను పెట్టుకుని నడుముల్లోతు నీళ్లలో నడిచింది మాత్రం అతనొక్కడే.

అందుకే కరకట్ట ఒక్కటే అడిగితే చాలదని నా గట్టి నమ్మకం. గోడ కడితే నది ఆగుతుంది, బచ్చలి తూము ఆగదు. మురుగుకాలువ నదిలో కలిసే ప్రతిచోటా నీళ్లు వెనక్కి రాకుండా తలుపు పెట్టాలి. హంద్రీలో ఎంత నీరొస్తే ఏ వార్డు మునుగుతుందో పటం గీసి ఆ వార్డు సచివాలయం గోడకే అంటించాలి. హంద్రీ మీది గాజులదిన్నె జలాశయంలో గేట్లు ఎత్తితే ఆ కబురు ఎన్ని గంటల్లో ఎవరికి చేరాలో ముందే రాసుకోవాలి. ఇవేవీ వందల కోట్ల పనులు కావు.

చిన్నాయన వాళ్లింటి వసారా గోడ మీద 2009 నీటి గీత ఇంకా ఉంది. మా చెల్లెలి పెళ్లికి రంగులు వేయిస్తుంటే పెయింటరు దాన్ని కూడా కప్పేయబోయాడు. చిన్నమ్మ పరుగున వచ్చి ఆపింది. తర్వాత మేకుతో ఆ గీతను లోతుగా చెక్కి, పక్కనే తేదీ రాయించింది. నేను నిలబడితే అది నా భుజానికి జానెడు పైన ఉంటుంది. ట్రంకుపెట్టె ఇప్పుడు మేడ మీది గదిలో ఉంది.