సున్నం గీకితే బయటపడేది "అసలు చర్చి" కాదు

"ఈ సున్నం గీకేస్తే అసలు రాయి కనబడుతుంది కదా?" ఫ్రాన్సులోని బర్గండీలో పాత చర్చిల గోడలు బాగుచేసే పనిలో చేరిననాటి నుంచి వింటున్న ప్రశ్న ఇది. ఊరి పెద్దాయన అడుగుతాడు, కారాపి తొంగిచూసే టూరిస్టు అడుగుతాడు, హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావగారూ అడిగారు.

అపోహ: రోమనెస్క్ చర్చి, అంటే గోథిక్ శైలికి ముందు 11, 12 శతాబ్దాల్లో యూరప్‌లో కట్టిన చర్చి, ఒట్టి రాతిగోడలే. పూతలూ రంగులూ తర్వాతివాళ్ల పైత్యం.

వాస్తవం: 11, 12 శతాబ్దాల్లో గోడ లేపాక గిలాబా చేసేవాళ్లు, సున్నం కొట్టేవాళ్లు, స్తోమత ఉంటే దానిమీద బొమ్మలు రాయించేవాళ్లు. నమ్మకపోతే ఫ్రాన్సులోనే ఉన్న సేన్ సావేన్ చర్చికి వెళ్లి మెడ నొప్పెట్టేదాకా పైకి చూడండి. పొడవాటి కప్పంతా బైబిల్ కథలే. 1983లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది ఆ బొమ్మల వల్లే. శిల్పాలకూ రంగులుండేవి. స్పెయిన్‌లోని సాంతియాగో చర్చిలో మాస్టర్ మాతేయో అనే శిల్పి చెక్కిన ద్వారానికి 2018లో బాగుచేసే పని పూర్తయ్యేసరికి ఒకదానిమీద ఒకటి వేసిన రంగుల పొరలు తేలాయి.

ఇక బర్గండీలోని ఓతన్ చర్చి కథ. అక్కడి టింపనం, అంటే గుమ్మం పైన కమాను కింద చెక్కిన తుదితీర్పు శిల్పం, మొరటుగా ఉందని 1766లో చర్చివాళ్లే దానిమీద గిలాబా కొట్టించారు. ఎత్తుగా పొడుచుకొచ్చిన క్రీస్తు తల అడ్డమని తీసేశారు. పాతికేళ్లు తిరక్కుండా ఫ్రెంచి విప్లవం వచ్చి దేశమంతా విగ్రహాల తలలు పగలగొడుతుంటే, కంటికి కనబడని ఈ శిల్పం మాత్రం బతికిపోయింది. 1837లో పూత విప్పారు. తల 1948లో తిరిగి మొండేనికి చేరింది.

గీకుడు మోజు వల్ల పోయినవాటికి లెక్కే లేదు. ఓ పల్లెలో నేను వెళ్లేసరికి కుర్రాళ్లంతా సరదాపడి దక్షిణపు గోడ ఒలిచేశారు. పాత బీరువా వెనక జానెడు గిలాబా మిగిలింది. దానిమీద ఎర్రమట్టి రంగుతో గీసిన పాదం, అయిదు వేళ్లూ స్పష్టంగా. మిగతా మనిషి చెత్తకుప్పలో ఉన్నాడు.

ఒలిచాక ఊరుకోరు, రాళ్ల సందుల్లో సిమెంటు కూరతారు. సున్నం చెమ్మను బయటికి వదులుతుంది, సిమెంటు వదలదు. నీరు రాయిలోంచి దారి వెతుక్కుంటుంది, లోపలి ఉప్పు గట్టిపడి రాయిని పొడిపొడి చేస్తుంది. గానుగ సున్నం ఎరిగిన మన మేస్త్రీలకు ఇది చెప్పక్కర్లేదు.

మిగతా అపోహలు గబగబా: రోమనెస్క్ అంటే రోమన్లు కట్టినవి కావు, ఆ పేరు 1818లో జెర్విల్ అనే నార్మండీ పండితుడు ఉత్తరంలో వాడింది. కోసుగా ఉన్న ప్రతి కమానూ గోథిక్ కాదు, రోమనెస్క్ చర్చి అయిన ఓతన్ కప్పే కోసుగా ఉంటుంది. శిల్పులంతా అనామకులూ కారు. ఇటలీలోని మొడెనా చర్చిలో విలిజెల్మో అనే శిల్పి పేరు రాతిలోనే ఉంది. ఓతన్‌లో క్రీస్తు పాదాల కింద "గిస్లెబెర్తుస్ చేశాడు" అని ఉంది. ఆయన శిల్పా, డబ్బిచ్చిన దొరా అన్నది వేరే గొడవ.

పెచ్చులు ఊడి నెత్తిన పడుతుంటే కంగారు సహజం, మిమ్మల్ని కోప్పడను. కానీ ఉలి ఎత్తేముందు పైకప్పు మీద నీటి కాలువ చూడండి. నేను చూసిన తడిగోడల్లో సగానికి పైగా అక్కడ ఆకులు పేరుకున్నవే.