సూదిలో నీళ్లు, ఒంట్లో జెల్

చిన్నారులూ,

క్యాన్సర్‌కి రేడియేషన్ అనగానే మీకు పెద్ద మిషన్ కింద పడుకున్న రోగి గుర్తొస్తాడు కదా. ఎక్కువగా ఇచ్చేది అలాగే. కానీ బయటి నుంచి వచ్చే కిరణం కణితిని చేరేలోపు చర్మం, కండ, దారిలో ఉన్నవన్నీ దాటాలి. పాపం, వాటికీ ఎంతోకొంత దెబ్బ తగులుతుంది.

మరి రేడియేషన్ ఇచ్చే పదార్థాన్నే కణితిలో పెట్టేస్తే? ఇది కొత్త ఊహేం కాదు. 1901లోనే పియర్ క్యూరీ అనే శాస్త్రవేత్త, రేడియేషన్ ఇచ్చే రేడియం కొంచెం ఇచ్చి, వాడి చూడమని డాన్లోస్ అనే డాక్టరును అడిగాడు. ఇప్పుడు ప్రోస్టేట్ క్యాన్సర్‌కి అయోడిన్-125 ఉన్న బియ్యపు గింజంత టైటానియం గొట్టాల్ని లోపల పెడతారు. దాదాపు 60 రోజులకోసారి వాటి శక్తి సగమవుతూ పోతుంది. ఖాళీ గొట్టాలు మాత్రం జీవితాంతం లోపలే!

గొట్టం బదులు ద్రవం ఎక్కించకూడదా అంటారేమో. అది రక్తంలో కలిసి ఊరంతా తిరుగుతుంది. అయోడిన్ అయితే నేరుగా థైరాయిడ్‌కి పోతుంది, దానికి అయోడిన్ అంటే అంత ఇష్టం.

అందుకే జెల్. గుడ్డు తెల్లసొన పచ్చిగా ఉన్నప్పుడు జారిపోతుంది, వేడి తగిలితే గడ్డకడుతుంది కదా. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీవాళ్లు అలాంటి గుణమున్న ప్రొటీన్‌ని తయారుచేశారు. మన చర్మానికి సాగే గుణమిచ్చే ఎలాస్టిన్ దానికి నమూనా. (తెల్లసొనకి పొయ్యి కావాలి, దీనికి ఒంటి వేడి చాలు.) సూదిలో నీళ్లలా ఉంటుంది, కణితిలోకి వెళ్లగానే చిన్న ముద్దవుతుంది. ఆ ప్రొటీన్‌కి అయోడిన్-131 అంటించి ఉంటుంది. దాన్నుంచి వచ్చే బీటా కణాలనే రేడియేషన్ రేణువులు ఒంట్లో ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పోలేవు. ఎనిమిది రోజుల్లో శక్తి సగానికి పడిపోతుంది. తర్వాత ప్రొటీన్ మెల్లగా కరిగిపోతుంది, తీయాల్సిన పనే లేదు. నాకు బాగా నచ్చింది ఇదే.

2022లో ఈ జెల్‌కి పాక్లిటాక్సెల్ అనే కీమో మందు తోడుచేసి, క్లోమం క్యాన్సర్ ఉన్న ఎలుకలకిచ్చారు. ఆ మందు క్యాన్సర్ జీవకణాల్ని, అవి రెండుగా విడిపోయే విభజన మధ్యలో ఆపేస్తుంది. రేడియేషన్‌కి అవి సులువుగా లొంగేది సరిగ్గా అప్పుడే. చాలా ఎలుకల్లో కణితి పూర్తిగా పోయింది.

ఎలుకల్లోనే సుమా! మనిషి క్లోమం పొట్ట వెనకాల దాక్కుని ఉంటుంది. అక్కడికి సూది చేర్చాలంటే నోట్లోంచి ఎండోస్కోపు గొట్టం దింపి, స్కానింగ్‌లో చూస్తూ గుచ్చాలి.

ప్రేమతో,
మీ తాతయ్య