ఆగిపోయిన హీటర్ ఫ్యాను ఏం చెబుతుంది

మే నెలలో 44 డిగ్రీల ఎండ కాసే వరంగల్‌లో కారుకు హీటరెందుకని చాలామంది అడుగుతారు. జనవరిలో తెల్లవారకముందే బయలుదేరి ములుగు దాటి ఏటూరునాగారం అడవి దారి పట్టినవాళ్లు మాత్రం అడగరు. ఇంకా పైకి ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు పోతే కొన్ని రాత్రులు 5 డిగ్రీల కిందికి దిగుతుంది. చలిని దుప్పటి కప్పుకొని ఓర్చుకోవచ్చు. ముందు అద్దం మసకబారితే బండి నడపడమే టెన్షన్.

ఆ మసక మన ఊపిరిలోని తేమే. 10 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలిలో సుమారు 9 గ్రాముల నీటి ఆవిరి మాత్రమే ఇమడగలదు. 30 డిగ్రీలకు వేడెక్కితే 30 గ్రాముల దాకా ఇముడుతుంది. అందుకే వెచ్చటి గాలి తగిలిన అద్దం చకచకా ఆరుతుంది. ఈ వేడికి వేరే ఖర్చు లేదు. ఇంజన్ కాల్చే పెట్రోలు శక్తిలో దాదాపు మూడో వంతు చల్లబరిచే నీటిలోకే పోతుంది. ఆ వేడి నీళ్లు డాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటర్ గుండా తిరుగుతాయి. దాని మీదుగా గాలిని తోసేది ఫ్యాను. అది ఆగితే ఆ వేడి మనదాకా రాదు.

అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. వాటికి కొత్త మోటారు వెతుక్కోవాల్సిందే, అంతకన్నా పాత బండ్ల సంగతి చెప్పక్కర్లేదు. అయినా ఫ్యాను ఆగిందనగానే మోటారే మార్చమనే సలహా వస్తుంది. నాకది ఎప్పుడూ నచ్చదు. ఇది చాలా సాదాసీదా డీసీ మోటారు. ఎలా ఆగిందో గమనిస్తే, లోపల ఏది పోయిందో చాలావరకు విప్పకముందే తెలిసిపోతుంది.

మన దగ్గర ఈ ఫ్యాన్లు ఎక్కువగా పాడయ్యేది వాడకపోవడం వల్ల. ఏడాదిలో ఏ కొన్ని వారాలో తప్ప స్విచ్ వెయ్యం. మోటారు ఇరుసు తిరిగేది కంచుపొడిని అదిమి కాల్చి చేసిన, చిన్న గొట్టాల్లాంటి బుష్‌లలో. అందులో కంటికి కనిపించని సూక్ష్మ రంధ్రాలుంటాయి. వాటినిండా నూనె ఉంటుంది. ఇరుసు తిరిగి వేడెక్కితే నూనె బయటికి ఊరుతుంది, ఆగి చల్లారితే వెనక్కి పీల్చుకుంటుంది. నెలల తరబడి ఎండలో నిలబడ్డ బండిలో ఆ నూనె జిగురుగా మారుతుంది, దాని మీద దుమ్ము చేరుతుంది. స్విచ్ వెయ్యగానే కీచుమని, మెల్లగా అందుకునే ఫ్యానుది ఈ జబ్బే.

దీన్ని అలాగే వదిలేస్తే ఫ్యూజు పోతుంది. ఎందుకంటే, తిరిగే మోటారు తానే వోల్టేజి పుట్టించి బ్యాటరీకి ఎదురు నిలుస్తుంది. మోటారు లోపలి రాగి చుట్ల (వైండింగు) నిరోధం అర ఓము అనుకుందాం. బాగా తిరిగేటప్పుడు ఎదురు వోల్టేజి 9 ఉంటే, 12లో మిగిలిన 3 వోల్టులే కరెంటును తోస్తాయి. అంటే 6 ఆంపియర్లు. ఇరుసు బిగుసుకుపోతే ఎదురు వోల్టేజి సున్నా, కరెంటు 24 ఆంపియర్లు. అప్పుడు ఫ్యూజు తన పని తాను చేసినట్టే. దాని చోట మందపాటి తీగ చుట్టడం మన దగ్గర మామూలైపోయింది. దయచేసి ఆ పని చెయ్యకండి. ఫ్యూజు కాలాల్సిన చోట డాష్‌బోర్డు వెనక వైర్లు కాలుతాయి.

చాలా పాత బండ్లలో తక్కువ స్పీడుకు కరెంటును రెసిస్టర్ తీగచుట్ట గుండా పంపుతారు. దాన్ని చల్లబరిచేది ఆ ఫ్యాను గాలే. ఫుల్ స్పీడులో కరెంటు నేరుగా మోటారుకు పోతుంది. కాబట్టి ఫుల్‌లో మాత్రమే తిరుగుతోందంటే తీగచుట్ట కాలిందని ముందు అనుమానించాలి. కానీ అది ఎందుకు కాలింది? బుష్ బిగుసుకుని ఫ్యాను నెమ్మదిస్తే కరెంటు పెరుగుతుంది, చల్లబరిచే గాలి తగ్గుతుంది. బుష్ చూడకుండా కొత్త రెసిస్టర్ వేస్తే అదీ కాలుతుంది.

తట్టితే తిరిగి, మళ్లీ ఆగేదైతే కార్బన్లు, అంటే తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందించే ముక్కలు, అరిగాయి. బోరు మోటార్లు చుట్టేవాళ్ల చేతిపని మన పల్లెల్లో గొప్పదే గానీ, ఆ మోటార్లకు కార్బన్లుండవు. మిక్సీ మోటారుకు ఉంటాయి కాబట్టి ఈ పని మిక్సీలు బాగుచేసేవాళ్లను అడగండి. సరైన సైజు దొరక్కపోతే కాస్త పెద్ద కార్బన్ తెచ్చి సన్నటి గరుకు కాగితం మీద అరగదీసుకోవచ్చు. కార్బన్లు ఆనే రాగి కమ్యుటేటర్ పలకల మధ్య సందుల్లో పేరుకున్న మసి కూడా తియ్యాలి.

గాలి మరీ నీరసంగా వస్తుంటే ఎర్తు, అంటే మోటారు నుంచి కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి, చూడండి. ఫ్యాను తిరుగుతుండగా మల్టీమీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకోటి మోటారు ఎర్తు వైరుకు ఆనించాలి. అర వోల్టు దాటి చూపిస్తే మధ్యలో ఎక్కడో తుప్పుంది.

మోటారు విప్పాక పెట్రోల్లో ముంచి కడిగే అలవాటు చాలా షాపుల్లో ఉంది. నిప్పు ప్రమాదం ఒకటి, బుష్ రంధ్రాల్లోని నూనె మొత్తం కడుక్కుపోవడం ఇంకొకటి. గ్రీజు రాసినా లాభం లేదు, అది రంధ్రాల్లోకి దూరదు. బుష్‌ను పల్చటి మెషిన్ ఆయిల్లో ఒక రాత్రి నానబెడితే చాలు.

బిగించేటప్పుడు వైర్ల గుర్తు తప్పొద్దు. అయస్కాంతాలున్న మోటారుకు ప్లస్, మైనస్ మారితే ఫ్యాను వెనక్కి తిరుగుతుంది. డ్రమ్ములాంటి ఫ్యానైతే అప్పుడు కూడా గాలి ముందుకే వస్తుంది, బలం మాత్రం ఉండదు. అందుకే ఈ తప్పు వెంటనే దొరకదు. బాగుచేసిన తర్వాత చప్పుడు బాగానే ఉండి గాలి నీరసంగా వస్తే, మళ్లీ మోటారు విప్పేముందు ఆ రెండు వైర్లు మార్చి చూడండి.