చెప్పిన తేదీకి గుండె ఎలా దొరికింది?

2005లో ఇజ్రాయెల్ గుండె మార్పిడి నిపుణుడు జాకబ్ లావీ దగ్గర చికిత్స పొందుతున్న ఒక రోగి, తాను చైనా వెళుతున్నానని, రెండు వారాల తరువాత ఫలానా తేదీన అక్కడ తనకు కొత్త గుండె అమరుస్తారని చెప్పాడు. చెప్పిన రోజే శస్త్రచికిత్స జరిగింది. గుండె దొరకాలంటే ఇంకొకరు మరణించాలి కాబట్టి, ఆ మరణం ఎప్పుడు సంభవిస్తుందో ఆస్పత్రికి అంత ముందుగా ఎలా తెలిసిందన్నది లావీని వేధించిన ప్రశ్న. 2014లో లియోన్ లీ తీసిన ‘హ్యూమన్ హార్వెస్ట్’ డాక్యుమెంటరీ పరిశోధించిన, చైనాలో ఖైదీలను అవయవాల కోసం చంపుతున్నారన్న ఆరోపణలకూ కేంద్రం ఇదే. అయితే దీని మూలాలు 1980ల దాకా వెనక్కి వెళతాయి.

శరీరం పరాయి అవయవాన్ని తిరస్కరించకుండా ఆపే సైక్లోస్పోరిన్ మందు వాడకంలోకి వచ్చాక, 1980ల్లో అవయవ మార్పిడులు ఊపందుకున్నాయి. మరణానంతర అవయవదానానికి తగిన వ్యవస్థ లేని చైనా, 1984 అక్టోబరు 9న తాత్కాలిక నిబంధనలు జారీ చేసి, మరణశిక్ష అమలైన ఖైదీల వైపు తిరిగింది. మృతదేహాన్ని ఎవరూ తీసుకోకపోయినా, ఖైదీ ఒప్పుకున్నా, కుటుంబం సమ్మతించినా అవయవాలు తీసుకోవచ్చు. చావు కోసం ఎదురుచూస్తున్న ఖైదీ ఇచ్చే సమ్మతికి విలువెంత అన్న ప్రశ్నకు వాటిలో చోటు లేదు. పైగా పనంతా గోప్యంగా సాగాలని, శిక్ష అమలయ్యే చోటికి ఆరోగ్యశాఖ గుర్తులున్న వాహనాలు రాకూడదని, తెల్లకోట్లు వేసుకోకూడదని కూడా రాశారు. చట్టబద్ధమైన పనే అయితే తెల్లకోటు దాచవలసిన అవసరమేమిటో!

1992లో మొదలైన ఫాలున్ గాంగ్ ధ్యాన సాధకులు సుమారు పది వేల మంది 1999 ఏప్రిల్ 25న బీజింగ్‌లో చైనా అగ్రనేతల కార్యాలయాలుండే ఝోంగ్‌నాన్‌హై ప్రాంగణం బయట మౌనంగా నిలబడగా, జులైలో ప్రభుత్వం ఆ ఉద్యమాన్ని నిషేధించి వారిని పెద్ద సంఖ్యలో శిబిరాల్లో నిర్బంధించింది. ఆ తరువాతి సంవత్సరాల్లోనే మార్పిడులూ వేగంగా పెరిగాయి. 2006 జులైలో కెనడా మాజీ ఎంపీ డేవిడ్ కిల్గూర్, మానవ హక్కుల న్యాయవాది డేవిడ్ మాటాస్ ఇచ్చిన నివేదిక, 2000 నుంచి 2005 వరకు జరిగిన 41,500 మార్పిడులకు అవయవాలు ఎక్కడివో తెలియడం లేదంటూ వేలు ఈ ఖైదీల వైపే చూపింది. ఇది అంచనాల మీద నిలిచిన లెక్క. పైగా అంతకుముందు మార్చిలో ఆరోపణలు వచ్చిన షెన్యాంగ్ నగరంలోని సుజియాతున్ ఆస్పత్రికి వెళ్లిన అమెరికా దౌత్య సిబ్బందికి ఆధారాలేవీ కనబడలేదు. చైనా మొత్తంగా ఖండించింది. కాని 2001లో ఒక చైనా వైద్యుడు ఖైదీల అవయవాల గురించి అమెరికా కాంగ్రెస్ ఎదుట సాక్ష్యం చెప్పినప్పుడు అబద్ధమని కొట్టిపారేసిన ప్రభుత్వమే, 2005లో ఉప ఆరోగ్య మంత్రి హువాంగ్ జీఫు నోట అత్యధిక అవయవాలు మరణశిక్ష పడినవారివేనని ఒప్పుకుంది. ఆ తరువాతి ఖండనలను చదివేటప్పుడు ఈ సంగతిని పక్కన పెట్టలేం.

2015 జనవరి 1 నుంచి స్వచ్ఛంద దాతల అవయవాలే వాడతామని చైనా ప్రకటించింది. 2019లో లావీ సహరచయితగా వెలువడిన అధ్యయనం, అధికారిక దాతల సంఖ్య ఏటా ఒక గణిత సూత్రాన్ని అనుసరించి పెరిగినట్టు ఉందని, అది నిజమైన లెక్కలకు ఉండే లక్షణం కాదని చూపింది. అదే ఏడాది జూన్‌లో బ్రిటిష్ న్యాయవాది జెఫ్రీ నైస్ అధ్యక్షతన లండన్‌లో కూర్చున్న చైనా ట్రిబ్యునల్, మనస్సాక్షి ఖైదీలను, అంటే తమ విశ్వాసాల కారణంగా నిర్బంధానికి గురైనవారిని, అవయవాల కోసం చంపారనడంలో సందేహం లేదని తేల్చింది. ఫాలున్ గాంగ్ వర్గాలతో సంబంధమున్న సంస్థ చొరవతో ఏర్పడిన ఈ ట్రిబ్యునల్‌కు న్యాయస్థానపు అధికారాలు లేవు. చైనా విచారణకు రాలేదు. 2021 జూన్‌లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల నిపుణులు, ఉయ్‌ఘుర్ ముస్లింలు, టిబెటన్లు తదితర ఖైదీలకు సమ్మతి లేకుండా రక్తపరీక్షలు, అల్ట్రాసౌండ్‌లు చేస్తున్నారన్న సమాచారంపై ఆందోళన వ్యక్తం చేసి, స్వతంత్ర పరిశీలనకు అనుమతించాలని కోరారు. ఏటా ఎందరికి మరణశిక్ష అమలవుతుందన్నది మాత్రం చైనాలో నేటికీ ప్రభుత్వ రహస్యమే.