మాత్ర మింగితే ఉపవాసం పోదు

"అయ్యగారూ, మాత్రేసుకుంటే ఉపాసం పోద్ది కదా?"

గాజువాక దగ్గర ఒక చిన్న సంఘానికి కాపరిని. లెంట్ (ఈస్టర్ ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలం) మొదలైతే చాలు, ఈ ప్రశ్న నాకు తప్పదు. అడిగేవాళ్ళు నయం. అడక్కుండా మానేసేవాళ్ళతోనే నాకు టెన్షన్.

అపోహ: షుగర్, బీపీ మాత్రలు ఆపేసి ఉపవాసం ఉంటేనే అసలైన విశ్వాసం.

వాస్తవం: బైబిల్లో ఈ మాట ఎక్కడా లేదు. దానియేలు మూడు వారాలు మానింది రుచికరమైన భోజనం, మాంసం, ద్రాక్షారసం. కడుపు జబ్బుతో ఉన్న తిమోతిని పౌలు పస్తుండమనలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే. ఇన్సులిన్ ఆపితే షుగర్ ప్రాణం మీదికి వచ్చేంత పెరగొచ్చు. కొన్ని మాత్రలు వేసుకుని తినకపోతే షుగర్ అమాంతం పడిపోతుంది. కాబట్టి మందులు వాడేవాళ్ళు ముందు డాక్టరును అడగండి, తర్వాత నన్ను అడగండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ళ క్రితం ఒక శుక్రవారం ఉపవాస కూడికలో రెండో పాట అయ్యింది. ముందు వరుసలో ఒక పెద్దావిడ. నెత్తిమీద ఫ్యాను తిరుగుతున్నా జాకెట్టు చెమటకు తడిసి ముద్దైపోయింది. బైబిలు తిప్పబోతే వేళ్ళు వణికి నాలుగైదు పేజీలు ఒక్కసారే తిరుగుతున్నాయి. వెనకనుంచి ఎవరో "ఆత్మ దిగింది, స్తోత్రం" అన్నారు. నర్సింగ్ చదివే ఒక అమ్మాయి మాత్రం పరుగున వెళ్ళి గ్లాసుడు నీళ్ళలో పంచదార కలిపి తెచ్చింది. మెల్లగా తేరుకున్నాక ఆవిడ అన్నది, "అబ్బాయి పోరు పెడితే మాత్రేసుకున్నాను అయ్యగారూ. ముద్ద మాత్రం ముట్టలేదు."

తప్పు ఆవిడది కాదు. అంతకు ముందు నెలలోనే ఒక సోదరుడు మాత్రలు మానేసి ఉపవాసం ఉన్నానని సాక్ష్యం చెబితే, అందరికంటే గట్టిగా హల్లెలూయ అన్నది నేనే.

దీని వెనకే ఇంకోటి ఉంటుంది. వీసా రావాలని ఇన్ని రోజులు, కొడుక్కి ఉద్యోగం రావాలని ఇన్ని రోజులు. పని జరగకపోతే "ఎక్కడో లోపం చేశాను" అని కుమిలిపోవడం. యెషయా 58లో జనం అడిగింది ఇదే: మేం ఉపవాసం ఉంటే నువ్వెందుకు చూడవు? దేవుడు వాళ్ళను రోజులు పెంచమనలేదు. పనివాళ్ళను పీడించడం మానమన్నాడు, ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టమన్నాడు. మీలో లోపం వెతుక్కుంటూ ఏడవకండమ్మా. అది బేరం కాదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

తెల్లవారుజామున నాలుగింటికి లేవకపోతే ప్రార్థన వినబడదట! యేసు చీకటితోనే లేచి ప్రార్థించిన మాట నిజమే. రాత్రంతా కొండ మీద ప్రార్థించిందీ ఆయనే. సి షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, దిగి ఇంటికొచ్చే స్టీల్ ప్లాంటు తమ్ముడు ముందు నిద్రపోవాలి. లేచాక చేసుకుంటాడు.

బైబిల్లో 1189 అధ్యాయాలు. ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు నాలుగు. ఫిబ్రవరికల్లా లేవీయకాండం దగ్గర చతికిలబడి, సిగ్గుతో చర్చికే రావడం మానేసినవాళ్ళు నాకు తెలుసు. బాకీ పడ్డవి వదిలేసి ఈ రోజుది చదవండి. 117వ కీర్తన రెండే వచనాలు.

లెంట్‌లో ఆదివారం తిన్నారా? లెంట్ మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజు దాకా 46 రోజులు, అందులో ఆరు ఆదివారాలు తీసేస్తేనే 40. మళ్ళీ మొదటినుంచి అక్కర్లేదు.

వాట్సాప్‌లో తిరిగే "పది మందికి పంపకపోతే శాపం" సంగతి అడక్కండి. దేవభక్తిలో సాధకం చేసుకోమని పౌలు తిమోతికి రాసిన వచనంలోనే, ముసలమ్మ ముచ్చట్లు వదిలెయ్యమనీ ఉంది.

ఆ పెద్దావిడ ఇప్పుడూ శుక్రవారం కూడికకు వస్తుంది. ఇడ్లీ తిని, మాత్ర వేసుకుని, ఆ రోజుకు సీరియళ్ళు మానేసి వస్తుంది. టీ కూడా మానాలని చూసింది గానీ ఆవిడ వల్ల కాలేదు. నా వల్లా కాలేదు.