ఐస్ హాకీ వృత్తి: డ్రాఫ్ట్, డబ్బు, దేహం చుట్టూ ఉన్న అపోహలు – వాస్తవాలు

ఒంటారియోలో జూనియర్, మైనర్ ప్రొఫెషనల్ స్థాయి ఐస్ హాకీ ఆటగాళ్ల గాయాలకు చికిత్స చేసే ఫిజియోథెరపిస్టును నేను. కెనడాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఇప్పుడు స్కేట్లు కట్టుకుంటున్నారు కనుక, వారి తల్లిదండ్రుల సందేహాలు నా దాకా వస్తుంటాయి. ఆ సందేహాల్లో చాలావరకు టీవీలో కనిపించే ఎన్‌హెచ్‌ఎల్‌ను, అంటే అమెరికా, కెనడా జట్లు ఆడే అత్యున్నత లీగ్‌ను, చూసి పుట్టినవే. ఈ ఆటతో పొట్ట పోసుకునే వారిలో అత్యధికులు మాత్రం ఆ లీగ్‌కు బయటే ఉంటారు.

అపోహ: డ్రాఫ్ట్‌లో పేరు వచ్చిందంటే ఉద్యోగం వచ్చినట్లే.

డ్రాఫ్ట్ అనేది నియామకం కాదు. ఆ ఆటగాడితో ఒప్పందం కుదుర్చుకునే హక్కు ఫలానా జట్టుకు మాత్రమే ఉంటుందన్న ఏర్పాటు. ఏడు రౌండ్లలో, 32 జట్లు ఏటా సుమారు 224 మందిని ఎంచుకుంటాయి. ఒక జట్టు సీజన్‌లో అట్టిపెట్టుకోగలిగేది 23 మందిని, ఆ స్థానాల్లో అప్పటికే ఎవరో ఒకరు ఉంటారు. కాబట్టి ఎంపికైన కుర్రవాళ్లలో అధిక భాగం మళ్లీ జూనియర్ జట్టుకో, కళాశాలకో, ఐరోపా క్లబ్బుకో తిరిగి వెళ్తారు, కొందరికి ఒప్పందం ఎన్నటికీ రాదు. మరోవైపు 2000లో 205వ స్థానంలో ఎంపికైన హెన్రిక్ లుండ్‌క్విస్ట్ హాల్ ఆఫ్ ఫేమ్ దాకా వెళ్లాడు, అసలు ఎవరూ ఎంచుకోని ఆర్టెమీ పనారిన్ 2016లో ఉత్తమ నవ ఆటగాడి బహుమతి గెలిచాడు. కెనడాలోని సర్రేలో పుట్టిన పంజాబీ కుటుంబపు అర్ష్‌దీప్ బైన్స్‌ను కూడా డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. తన జూనియర్ లీగ్‌లో అత్యధిక పాయింట్లు సాధించిన 2021–22 సీజన్‌లోనే వాంకూవర్ జట్టు అతనితో ఒప్పందం చేసుకుంది. 2025లో మానీ మల్హోత్రా శిక్షణలో కాల్డర్ కప్ (ఎన్‌హెచ్‌ఎల్ కింది స్థాయి లీగైన ఏహెచ్‌ఎల్ విజేతకు ఇచ్చేది) గెలిచిన, వాంకూవర్‌కు అనుబంధమైన అబాట్స్‌ఫర్డ్ జట్టులో అతనూ ఉన్నాడు.

పుట్టిన తేదీ కూడా కొంత నిర్ణయిస్తుంది. డ్రాఫ్ట్ జరిగే ఏడాది సెప్టెంబర్ 15 నాటికి 18 ఏళ్లు నిండాలి. 1997 సెప్టెంబర్ 17న పుట్టిన ఆస్టన్ మాథ్యూస్ ఆ రెండు రోజుల తేడాతో ఒక సంవత్సరం ఆగి, జ్యూరిక్ క్లబ్‌లో పెద్దవాళ్లతో ఆడి, 2016లో మొట్టమొదటి ఎంపికగా నిలిచాడు. ఆ ఏడాది అతనికి మేలే చేసిందని నా అభిప్రాయం.

అపోహ: ఒప్పందంపై సంతకం చేస్తే లక్షాధికారి అయినట్లే, బాగా ఆడితే పై జట్టులోనే ఉంటాడు.

ఎన్‌హెచ్‌ఎల్‌లో 2025–26 సీజన్‌కు కనీస వార్షిక వేతనం 7,75,000 డాలర్లు, నిజమే. అయితే ఆ జీతం పై జట్టులో ఉన్న రోజులకు, రోజుల లెక్కన వస్తుంది. కొత్త ఆటగాడి తొలి ఒప్పందంలో రెండు జీతాలు రాసి ఉంటాయి. అనుబంధ జట్టు తరఫున ఏహెచ్‌ఎల్‌లో ఆడే రోజులకు ఏడాది లెక్కలో లక్ష డాలర్ల లోపు జీతమే వర్తిస్తుంది. వయసులో చిన్నవాడిని వేవర్స్ అవసరం లేకుండా, అంటే మిగతా జట్లు ఎగరేసుకుపోతాయన్న భయం లేకుండా, కిందికి పంపవచ్చు. అందుకే ఇద్దరు సమానంగా ఆడినప్పుడు కిందికి వెళ్లేది సాధారణంగా కుర్రవాడే. దాన్ని అతని ఆటపై తీర్పుగా భావించి ఇంట్లోవాళ్లు బాధపడటం నేను చాలాసార్లు చూశాను. అది చాలావరకు ఒప్పందాల లెక్క.

వచ్చిన జీతంలోనూ ఏజెంటు రుసుము, ఆడిన చోట్ల రాష్ట్రాలు వేసే పన్నులు పోతాయి. లీగ్ ఆదాయాన్ని ఆటగాళ్లు, యజమానులు చెరి సగం పంచుకునే పద్ధతి 2013 నుంచి అమలులో ఉంది. ఆ లెక్క సరిపోయేదాకా జీతంలో కొంత ఎస్క్రో కింద పట్టి ఉంచుతారు.

ఏహెచ్‌ఎల్‌లో మరో సంగతి ఉంది. మ్యాచ్‌కు దిగే 18 మంది స్కేటర్లలో కనీసం 13 మంది తక్కువ అనుభవం ఉన్న వర్గానికి చెందాలని నిబంధన. అందువల్ల ముప్పైకి దగ్గరపడిన మంచి ఆటగాడికి కూడా అక్కడ చోటు సన్నగిల్లుతుంది, జర్మనీయో స్వీడనో వెళ్లాల్సి వస్తుంది. అలా వెళ్లడాన్ని ఓటమిగా చూడటం నాకు నచ్చదు. ఐరోపాలో పదేళ్లు గౌరవంగా ఆడినవాళ్లు ఎందరో ఉన్నారు.

అపోహ: ఎంత చిన్న వయసులో మొదలుపెట్టి, ఏడాది పొడవునా ఐస్ మీద ఉంటే అంత మంచిది.

ఈ నమ్మకం వల్ల జరిగే నష్టాన్నే నేను క్లినిక్‌లో ఎక్కువగా చూస్తాను. స్కేటింగ్‌లో మోకాళ్లు మడిచి, నడుము వంచి, కాలిని పక్కకు తోస్తూ సాగాలి. ఆ భారమంతా గజ్జల కండరాల మీద, తుంటి కీలు మీద పడుతుంది. ఎముకలు ఎదుగుతున్న వయసులో విరామం లేకుండా ఇదే కదలిక చేసేవారిలో తొడ ఎముక పైభాగాన ఎముక అదనంగా పెరిగి, తుంటి గిన్నె అంచుకు ఒరుసుకునే సమస్య ఎక్కువగా కనిపిస్తుంది. మోకాళ్లు లోపలికి తిప్పి కూలబడే గోలీలకు (గోల్‌కీపర్లకు) ఈ బాధ మరీ ఎక్కువ. పైగా మ్యాచ్‌లో ఒక్కో షిఫ్ట్, అంటే ఆటగాడు ఒకసారి ఐస్ మీదికి దిగి మళ్లీ బయటికి వచ్చే వ్యవధి, 40–50 సెకన్ల పూర్తి వేగపు పని మాత్రమే. గంటల తరబడి రింక్‌లో తిరగడం దానికి సరైన సాధన కాదు. వేసవిలో ఫుట్‌బాలో, ఈతో, ఏదైనా వేరే ఆట ఆడించండని నేను చెబితే కొందరు తల్లిదండ్రులకు అది సోమరితనాన్ని సమర్థించినట్లు అనిపిస్తుంది.

దెబ్బల విషయంలోనూ ఇదే తొందర. 11–12 ఏళ్ల వారికి బాడీ చెకింగ్ (ప్రత్యర్థిని ఒంటితో ఢీకొట్టడం) అనుమతించిన అల్బర్టాలో, అనుమతించని క్యూబెక్‌తో పోలిస్తే గాయాల ప్రమాదం మూడు రెట్లకు పైగా ఉందని 2010లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. 2013లో దేశ హాకీ సంస్థ హాకీ కెనడా ఆ వయసు విభాగంలో చెకింగ్‌ను తీసివేసింది.

అపోహ: మంచి హెల్మెట్ ఉంటే తలకు భయం లేదు.

హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది. పుర్రె లోపల మెదడు అదరడాన్ని ఆపలేదు. 2011 జనవరిలో తలకు తగిలిన దెబ్బల తర్వాత, ఎన్‌హెచ్‌ఎల్ అగ్ర తార సిడ్నీ క్రాస్బీ అంతటివాడు నవంబర్ దాకా మ్యాచ్ ఆడలేకపోయాడు. తిరిగి ఆటలోకి రావడం మెట్లు మెట్లుగా, ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు ఇస్తూ జరగాలి. కష్టమంతా ఆటగాడు లక్షణాలు దాచడంలోనే ఉంది. పై జట్టుకు పిలుపు వచ్చిన వారంలో తలనొప్పి ఉందని ఒప్పుకునే కుర్రవాడు అరుదు, దానికి కారణం పైన చెప్పిన రోజువారీ జీతమే. మెడ విషయానికి వస్తే, 2023 అక్టోబర్‌లో షెఫీల్డ్‌లో మ్యాచ్‌లో మెడకు స్కేటు అంచు కోసుకుని ఆటగాడు ఆడమ్ జాన్సన్ మరణించాక మెడ రక్షణ పట్టీల చర్చ మారిపోయింది. ఎన్‌హెచ్‌ఎల్‌లోకి 2026–27 నుంచి కొత్తగా వచ్చేవారికి అవి తప్పనిసరి.

అపోహ: కొట్లాడటం వస్తే చాలు, జట్టులో చోటు దొరుకుతుంది.

ఆ కాలం పోయింది. కొట్లాట కోసమే ఒకరిని జట్టులో ఉంచుకునే పద్ధతి దాదాపు అంతరించింది.

అపోహ: హాకీని నమ్ముకుంటే చదువు వదులుకోవాల్సిందే.

కెనడా మేజర్ జూనియర్ లీగుల్లో (యువ ఆటగాళ్ల అత్యున్నత స్థాయి లీగుల్లో) ఆడినవారిని అమెరికా కళాశాల హాకీలోకి రానిచ్చేవారు కాదు. 2025 ఆగస్టు 1 నుంచి ఆ నిషేధం తొలగింది కాబట్టి, పదహారేళ్లకే రెండింట్లో ఒకదాన్ని శాశ్వతంగా ఎంచుకోవాల్సిన ఒత్తిడి తగ్గింది. ఆ జూనియర్ లీగుల్లో ఆడిన ప్రతి సీజన్‌కు ఒక ఏడాది ఉన్నత విద్యకు ఉపకార వేతనం ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. దాన్ని వాడుకోవడానికి గడువు ఉంటుంది, కొన్ని ప్రొఫెషనల్ ఒప్పందాలపై సంతకం చేస్తే అది రద్దయ్యే షరతులూ ఉంటాయి, ఇవి లీగును బట్టి మారతాయి. జట్టు పంపే పత్రాల్లో ఆ పేజీని సంతకానికి ముందే ఒక న్యాయవాదితో చదివించుకోవాలి.