లీజన్ వార్షికోత్సవ సంపుటాలు: అపోహలు - వాస్తవాలు

పాత అమెరికన్ కామిక్స్ పేజీలను మళ్లీ అచ్చుకు సిద్ధం చేయడం నా పని. 30వ శతాబ్దపు కుర్ర హీరోల బృందం ‘లీజన్ ఆఫ్ సూపర్ హీరోస్’ సంపుటాల గురించి పదేపదే వినే మాటలు ఇవి.

అపోహ: వార్షికోత్సవ సంపుటి కొంటే చరిత్రంతా చేతికొచ్చినట్టే.

వాస్తవం: కాదు, అందులో ఉండేది ఏరిన కథలే. 50 ఏళ్ల సందర్భంగా 2008లో ప్రచురణ సంస్థ డీసీ తెచ్చిన ‘1,050 ఇయర్స్ ఆఫ్ ది ఫ్యూచర్’ కూడా ఒక్క పుస్తకమే. పైగా లీజన్ కథను 1994లో ఒకసారి, 2004 చివర్లో ఇంకోసారి మొదట్నుంచీ మొదలుపెట్టారు. బృంద సభ్యుడు లైట్నింగ్ లాడ్ కాస్తా 1994 తర్వాత లైవ్ వైర్ అయ్యాడు. అది అచ్చుతప్పు కాదు. పాత కథలు వరసగా కావాలంటే 1991లో మొదలైన ఆర్కైవ్స్ సంపుటాలు వెతకండి.

అపోహ: 1958లోనే సిరీస్ మొదలైంది.

వాస్తవం: ఆ ఏడాది ఏప్రిల్ తేదీతో వచ్చిన ‘అడ్వెంచర్ కామిక్స్’ 247లో వాళ్లు సూపర్‌బాయ్ కథకు వచ్చిన అతిథులు. 1962లో అదే పత్రిక 300వ సంచికతో గానీ అందులో వాళ్లకు సొంత శీర్షిక దక్కలేదు.

అపోహ: ఇవి పెద్దవాళ్లు పిల్లల కోసం రాసిన తేలిక కథలు.

వాస్తవం: జిమ్ షూటర్ రాసిన తొలి లీజన్ కథ 1966లో అచ్చయ్యేనాటికి ఆయనకు 14 ఏళ్లు! మరుసటి ఏడాది సంచికలో సూర్యుణ్ణి కాపాడుతూ బృంద సభ్యుడు ఫెర్రో లాడ్ చనిపోతాడు. ఇప్పటికీ గుండె బరువెక్కే కథ అది.

అపోహ: సంపుటిలో కనిపించేవి అప్పటి రంగులే.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. అప్పట్లో ముఖం రంగంటే పసుపు, ఎరుపు చుక్కల కలయిక. మాసిన న్యూస్‌ప్రింట్ ఆ సిరాను పీల్చుకుని మెత్తబరిచేది. అవే రంగులు తెల్లటి నున్నటి కాగితం మీద వేస్తే కళ్లు చెదురుతాయి. అందుకే తగ్గించి, మళ్లీ వేయాలి. అచ్చు కోసం అప్పట్లో బొమ్మల నల్లగీతలను ఫొటో తీసిన ఫిల్మ్ దొరక్కపోతే పని ఇంకా కష్టం. ఒకప్పుడు పాత సంచిక పేజీలనే బ్లీచ్‌లో ముంచి, రంగు పోగొట్టి, మిగిలిన గీతలను ఫొటో తీసేవారు. అలా ఒక ప్రతి బలయ్యేది. ఆ గీతలు తెగినచోట కళాకారుడు చేత్తో అతుకుతాడు.

కొనేముందు దూరంగా నిలబడ్డ మనిషి ముఖమున్న చిన్న ప్యానెల్ (బొమ్మ గడి) ఒకటి చూడండి. కనుబొమ్మ, కన్ను విడివిడిగా కనిపిస్తే మంచి ఫిల్మ్ నుంచి వచ్చిన పేజీ. రెండూ ముద్దగా కలిసిపోతే, అది అచ్చు ప్రతినుంచి తీసినదై ఉండొచ్చు.